కారు తలుపు రబ్బరు మారుస్తున్న ఆ మధ్యాహ్నం

మా చిన్నప్పుడు వాన పడితే మా కారు లోపల కూడా పడేది...

మా నాన్న, అదే మా అబ్బా, కిరాయికి నడిపే పాత తెల్ల కారు అది. వెనక ఎడమ తలుపుకు అద్దం అంచున ఉండే రబ్బరు ఎండి, పగిలి, పీలికలైపోయింది. నీళ్లు కారి సీటంతా చెమ్మ...

మా తమ్ముడు రఫీకి ఆ చెమ్మ పడేది కాదు. ఆరేళ్లవాడు, ఉబ్బసం. కాస్త చల్లగాలి తగిలినా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి.

అందుకే అబ్బా కొత్త రబ్బరు తెచ్చి, వర్ధన్నపేటలో మా ఇంటి ముందే పని మొదలుపెట్టాడు. తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. పాత రబ్బరు లాగుతుంటే పట్టు తప్పి అద్దం కూడా తలుపులోకి జారిపోయింది.

అప్పుడే ఇంట్లోంచి అమ్మీ కేక... "రఫీ అబ్బా! పోరనికి దమ్ము ఆడ్తలేదు, జల్ది రా!"

వాడి పెదాలు నల్లబడుతున్నాయి. పెద్ద దవాఖాన ఉన్నది వరంగల్‌లో. చేతిలో రబ్బరు అక్కడే పడేసి, అబ్బా మమ్మల్ని అదే కారులో ఎక్కించాడు. ఊరు దాటామో లేదో... వాన.

అద్దం లేని ఆ సందులోంచి కుండలతో కుమ్మరించినట్టే. అమ్మీ రఫీని ఒళ్లో దాచుకుని అటు చివరికి జరిగింది. నేను కిటికీకి వీపు ఆనించి కూర్చున్నాను. చిన్నపిల్ల వీపు ఏపాటి అడ్డు... పక్కల నుంచి ఈదురుగాలి వాడి మొహాన కొడుతూనే ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా వాడి గొంతు కింద గుంట పడేది. "ఆపా..." అని అక్కనైన నన్ను పిలిచాడు. ఆ తర్వాత ఆ మాట కూడా రాలేదు.

అబ్బా కారు ఆపేశాడు. పక్క మడిలో నాట్లు వేస్తున్న ఆడవాళ్లను చూసి అరిచాడు. "అక్కా, పోరనికి దమ్ము లేచింది... అద్దం లేదు. ఏదన్న కవరుంటే ఇయ్యుండ్రి, మీకు దండం పెడ్త!"

ఒకామె బురదలోంచి పరుగెత్తుకొచ్చింది. నెత్తి మీద కప్పుకున్న ప్లాస్టిక్ పట్టా తీసేసింది. "తలుపు దియ్యన్నా" అంటూ పట్టాను తలుపు పైనుంచి కప్పి, గట్టిగా మూసేసింది. గాలి ఆగిపోయింది.

"నువ్వు తడుస్తవ్ గద అక్కా..." అంది అమ్మీ.

"నేను తడిస్తే ఏమైతది? పోండ్రి, పోండ్రి!"

దవాఖానలో వాడి మూతికి ఆక్సిజన్ పెట్టారు. అబ్బా గోడకు ఆనుకుని నిలబడ్డాడు, నలుపంటిన చేతులు కడుక్కోవాలని కూడా తోచలేదు. అమ్మీ పెదాలు కదులుతూనే ఉన్నాయి... దువా. నేను రఫీ పొట్ట పైకీ కిందికీ కదలడమే చూస్తూ కూర్చున్నాను. పొద్దు వాలే వేళకు వాడు కళ్లు తెరిచి, "ఆకలైతాంది" అన్నాడు. అమ్మీ అప్పుడు ఏడ్చింది.

తర్వాత అబ్బా ఆ పట్టా మడిచి పట్టుకుని ఎన్నోసార్లు ఆ మడి దగ్గరికి వెళ్లాడు. నాట్లు అయిపోయాయి. ఆ కూలీలు ఏ ఊరివాళ్లో ఎవరూ చెప్పలేకపోయారు. పేరు అడగాలని ఆ రోజు మాలో ఒక్కరికీ తోచలేదు...

ఇప్పుడు రఫీకి సొంత కారు ఉంది. బటన్ నొక్కితే అద్దం లేస్తుంది, ఒక్క చుక్క లోపలికి రాదు. కానీ ఆ అద్దం వెనక కూర్చుంటే... బయట వానలో ఎవరైనా "అన్నా, జర ఆగు" అని పిలిచినా మాకు వినిపించదు.

మీకూ అలా దారిలో ఎదురై, పేరు చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లు ఉన్నారా? ఉంటే చెప్పండి... ఇన్నాళ్లకైనా వాళ్లను ఒకసారి తలుచుకుందాం.