గడ్డం బిళ్ళ

ఆ వీధిలో ఆమెను అందరూ అచ్చులమ్మ అనేవారు. తల్లి నుంచి వచ్చిన, లోహం మీద అచ్చు కొట్టే చేతి ప్రెస్సే ఆమె ఆస్తి. బీరువా తాళాలకు నంబర్లు, కుక్కల మెడపట్టీలకు పేర్లు కొట్టేది. ఆ చప్పుడుకు ఆడపడుచు చెవుల్లో దూది పెట్టుకుని తిరిగేది. సెలూన్ బాబాయి అడిగితే, ముందే డబ్బు కట్టిన వాళ్ళకు ఇచ్చేందుకు గుండ్రటి ఇత్తడి బిళ్ళలు కొట్టింది. ఒకవైపు కత్తి బొమ్మ, రెండోవైపు ‘ఒక గడ్డం’ అన్న అక్షరాలు.

బస్సు రద్దీలో ఎవరో ఒక బిళ్ళను కండక్టరుకు అంటగట్టారు. సైజు సర్కారు నాణెం అంతే ఉంది. దొంగ నాణేల కేసు పెట్టి పోలీసులు ప్రెస్సు మోసుకుపోయారు. నేరం రుజువైతే అది ఇక తిరిగి రాదన్నాడు ఆమె తరఫు వకీలు. జైలు సంగతి కూడా చెప్పాడు గానీ ఆమె చెవికెక్కింది మొదటి మాటే.

“బిళ్ళల్ని నలుచదరంగా కొట్టి ఉంటే ఈ గొడవే లేదు కదా వదినా,” అంది ఆడపడుచు.

“మూలలు గుచ్చుకుంటాయి. అందుకు నీ నోరుంది కదా, బిళ్ళ కూడా ఎందుకు?”

బజారంతా ఆ బిళ్ళను డబ్బుగా వాడుతోందని సర్కారు వకీలు వాదన. సాక్షిగా బజారులో కూరలమ్మే ఆమెను బోనెక్కించాడు.

“ఇది మీ బుట్టలో దొరికింది కదా?”

“దొరికిందండి.”

“అంటే దీనికి కూరలు అమ్మారు.”

“నాకు గడ్డమెక్కడిదండీ, దీంతో నేనేం చేసుకోను? మా ఆయనది. సెలూన్‌కి పొమ్మంటే నా బుట్టలో పడేసి పోయాడు.”

వెనక బెంచీలో గుబురు గడ్డం ఒకటి తల వంచుకుంది.

“ఎవరైనా ఇదిచ్చి కూర అడిగితే?”

“కత్తి బొమ్మ కనపడట్లేదా, ముందు కళ్ళజోడు కొనుక్కో అంటాను.”

కోర్టులో నవ్వులు ఆగాక మేజిస్ట్రేటు బిళ్ళను తిప్పి చూశాడు. సర్కారు నాణెమని నమ్మించడానికి చేస్తే నేరం, డబ్బుగా చలామణీ చేయడానికి చేసినా నేరమే, ఇది రెండూ కాదన్నాడు. బస్సులో ఎవరో చేసిన మోసాన్ని ఈమె నెత్తిన రుద్దలేమన్నాడు. కేసు కొట్టేశాడు. ప్రెస్సు వెనక్కి ఇచ్చేయమన్నాడు.

కూరలామె బండి మీదే ప్రెస్సు ఇల్లు చేరింది. సెలూన్ బాబాయి ముందు లాగాడు, గడ్డం ఆయన వెనక నుంచి తోశాడు. అచ్చులమ్మ మరకు నూనె వేసి, ఇత్తడి ముక్క పెట్టి పిడి తిప్పింది. గోడలు అదిరాయి. ఆడపడుచు దూది కోసం వెళ్ళలేదు.

తళతళలాడే బిళ్ళను అచ్చులమ్మ గడ్డం ఆయన చేతిలో పెట్టింది.

“సెలూన్ మూసేలోగా వెళ్ళు తమ్ముడూ.”