పెనుకొండ మీద మగ్గం బొమ్మ

కొత్త కాలెండర్ ఇంటికొచ్చిన రోజు అందరూ పండగలు ఎప్పుడెప్పుడొచ్చాయో చూసుకుంటారు. నేను అమావాస్యలు చూసుకునేదాన్ని. ధర్మవరంలో మగ్గం నేసే ఇంట్లో పుట్టిన నాకు అమావాస్యే ఆదివారం. ఆ రోజు మగ్గం ఆడదు. పొద్దున్నే దానికి పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, దాని మానాన దాన్ని వదిలేస్తారు. మిగతా జనమంతా ఆ రోజు ఊరు దాటడానికి జంకుతుంటే, మా నాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని నన్నూ చెల్లెల్నీ రైలెక్కించేవాడు.

“అమాస పూట ప్రయాణమేందప్పా?” అని ఎదురింటాయన ప్రతిసారీ అడిగేవాడు.

“అమాసకైతే రైలు ఖాళీగా ఉంటాది లేప్పా,” అనేవాడు నాయన. నిజంగానే ఖాళీగా ఉండేది. నాకో కిటికీ, చెల్లెలికో కిటికీ.

చిక్కల్లా బడితోనే. కాలెండర్‌లో అమావాస్య నల్ల గుండ్రం వచ్చి ఆదివారం ఎర్ర అంకె పక్కన పడాలి, లేదంటే సెలవుల్లో పడాలి. ఏడాదికి నాలుగైదు అట్లాంటివి దొరికితే అదృష్టమే. తొంభైల నడుమ, నాకు తొమ్మిది పదేళ్ళున్నప్పుడు, ఆ నాలుగైదు రోజులు వస్తాయన్న ఆశతోనే మిగిలిన రోజులన్నీ బడికి పోయాను.

పోయేది ఏమంత దూరం కాదు. హిందూపురం, కాకుంటే పెనుకొండ. రెండూ ఒకే రైలు దారిలో ఉన్న ఊళ్ళే. కానీ హిందూపురం నాకు వేరే దేశం. స్టేషన్ దాటగానే సగం మాటలు కన్నడంలో వినపడేవి. పండ్లమ్మే ఆమె నాయనను “చిల్లర దుడ్లు ఉంటే ఇయ్యప్పా” అని అడిగితే నాకు అర్థమైంది. అర్థమైందన్న గొప్పతో ఇంటికొచ్చి వారం రోజులు డబ్బులను దుడ్లనే అన్నాను. బజారులో ఒక సందు నిండా బెల్లం వాసన, పక్క సందు నిండా చింతపండు వాసన. రెండు వాసనలూ కలిసే చోటు ఏదో కనుక్కుందామని చెల్లెల్ని చెయ్యి పట్టి ముందుకూ వెనక్కూ తిప్పితే, నాయన మేము తప్పిపోయామనుకుని బజారంతా వెతికాడు. ఆ రోజు తిట్లు తిన్నాక బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కూడా తిన్నాం. చెల్లెలు బజ్జీ మీది పిండి మాత్రం ఒలుచుకు తిని, మిరపకాయను మర్యాదగా నాయన పొట్లంలో పెట్టేది.

పెనుకొండలో అయితే దర్గా. ఉరుసు రోజుల్లో అమావాస్య కలిసొస్తే ఇంకేం కావాలి. దర్గాలో చక్కెర మీద దువా చదివించుకుని బయటికొస్తే గాజుల అంగళ్ళు, బొరుగులు, రంగులరాట్నం. చదివించిన చక్కెర ఎక్కువ తియ్యగా ఉంటుందేమోనని నాకు అనుమానం. ఒకసారి లోపలికి పోకముందే చిటికెడు చక్కెర గౌను జేబులో దాచుకుని, బయటికొచ్చాక రెండూ నాకి చూశాను. తేడా ఏమీ లేదు. నాయనతో చెబితే, “తేడా నాలిక మీద కాదుమే, ఉండేది,” అన్నాడు. మరెక్కడ ఉంటుందని అడిగితే రంగులరాట్నం ఎక్కించి నోరు మూయించాడు.

ఈ షికార్లకు అమ్మ వచ్చేది కాదు. మగ్గానికి సెలవే గానీ రాట్నానికి లేదు. మరుసటి పొద్దున నాయన మగ్గమెక్కేసరికి కండెలు నిండి ఉండాలి. కండెలంటే, నేసేటప్పుడు అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టాలు. వాటికి పట్టుపోగు చుట్టడం అమ్మ పని. నాయన మగ్గం కింది గుంతలో కాళ్ళు దించుకుని నేసేవాడు, అమ్మ పక్కన నేల మీద కూర్చుని చుట్టేది. మా వీధిలో వేరే ఇళ్ళలో ఆడవాళ్ళు మగ్గం నేసేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం కోడళ్ళు గుంతలో కాళ్ళు పెట్టకూడదని మా అవ్వ కట్టడి చేసింది. అవ్వ పోయి మూడేళ్ళయినా ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మేమో బుక్కపట్నంలో తన పుట్టింట్లో, మా తాత అన్నానికి లేచిన సందు చూసుకుని మగ్గమెక్కి నాలుగు పోగులు నేసి దిగేదంట. ఆ సంగతి చెప్పేటప్పుడు అమ్మ చేతులు రాట్నం వదిలేసి గాలిలో నేసేవి.

మేము సాయంత్రం ఇల్లు చేరగానే అమ్మ విచారణ మొదలుపెట్టేది. రాట్నం తిప్పుతూనే అడిగేది. రైల్లో ఎండ ఏ పక్క పడింది? బజ్జీలో గింజలు తీసినారా, తీయలేదా? గాజులమ్మే ఆమె ఎవరి చేతికైనా గాజు తొడిగేటప్పుడు ఏం మాట్లాడింది? ఏం తిన్నారని ఊరికే అడిగితే ఒక్క మాటతో అయిపోయేది, అమ్మ అట్లా వదిలేది కాదు. నేను గమనించని దాన్నే ఏరి అడిగేది. నా ప్రశ్నల పిచ్చి ఎక్కణ్నుంచి వచ్చిందో ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పట్లో నాకు అమ్మంటే పరీక్షల భయం. తెలియదని చెప్పడం నామోషీ. అందుకని ఊరికే తిరిగే రంగులరాట్నానికి కూడా ఒక గుర్రం ఎక్కువ పెట్టి చెప్పేదాన్ని.

అట్లా ఒక అమావాస్య సాయంత్రం, “కొండెక్కినారా?” అని అడిగింది అమ్మ.

నాయనకు ఏళ్ళ తరబడి మగ్గం తొక్కి మోకాళ్ళు పట్టేశాయి. పెనుకొండ కొండ కింద, మెట్ల మొదట్లో నీడ చూసుకుని కూర్చుని, “పోయి చూసి రాండి” అని మమ్మల్ని పంపేవాడు. మేము సగం దూరం పోయి, కోతులను చూసి, వచ్చిన దారినే దిగేవాళ్ళం. ఆ మాట చెబితే ఏం పోయేది? “ఎక్కినాం,” అన్నాను.

“మీద ఏముండాది?”

“మంటపం.”

“మంటపంలో?”

“గోడ మీద రంగుల బొమ్మలుండాయి.”

“ఏం బొమ్మలు?”

గదంతా వెతికాను, ఏదైనా దొరుకుతుందేమోనని. ఎదురుగా మగ్గం ఉంది, పక్కన అమ్మ ఉంది. “ఒకామె మగ్గం నేస్తాండాది,” అన్నాను.

రాట్నం ఆగిపోయింది. నేను పుట్టినప్పటి నుంచి నా మాటకు ఆ రాట్నం ఆగడం అదే మొదలు. నాకెంత గర్వమైందంటే, అబద్ధమన్న సంగతే మరిచిపోయాను.

ఆ నెలంతా అమ్మకు ఆ బొమ్మే లోకం. చీరె ఏం రంగు? ఎరుపు. ముక్కుకు ఏముంది? బేసరి. కాళ్ళు కనపడతాయా? గుంతలో ఉండాయి. అడిగిన ప్రతిదానికీ నేను జవాబు చెప్పాను. చెల్లెలు నోరు జారకుండా బొరుగుల ఉండలు పెట్టి పోషించాను. అది ఉండ తిని, పైగా బొమ్మలో ఒక పిల్లిని కూడా చూశానని చెప్పింది. నాకే ఒక్కోసారి ఆ బొమ్మ కళ్ళ ముందు మెదిలేది.

తర్వాత ఒక మధ్యాహ్నం నాయనకు సంగటి పెడుతూ అమ్మ అడిగేసింది. “రాజుల కాలంలోనే ఆడది గుంతలో కూసోని నేస్తాండాదంట, పెనుకొండ మీద బొమ్మ ఉండాదంట. మనింట్లోనే ఏంది కాదనేది?”

నాయన నవ్వాడు. “ఎవురు చెప్పినారు నీకు?”

“నీ కూతురే. కండ్లతో చూసినాది.”

నాయన నా వైపు తిరిగాడు. “నిజమేనామే?”

తలకాయ ఊపాను. నోటితో అబద్ధం చెప్పడం కన్నా తల ఊపడం చిన్న తప్పని నా లెక్క.

“సరే,” అన్నాడు నాయన. “వచ్చే అమాస సెలవుల్లోనే పడతాది, అందరం పోదాం. బొమ్మ ఉంటే మరుసటి దినం పొద్దున నువ్వే గుంతలో దిగు, నేనేమీ అనను. లేకుంటే మాత్రం ఈ మాట మళ్ళా ఎత్తగాకు.”

“ఎత్తను,” అంది అమ్మ.

ఇంతకుముందు అమావాస్య ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని, ఆ నెల రాకుండా ఉంటే బాగుండుననుకున్నాను. రెండుసార్లు అమ్మ దగ్గరికి పోయి నిలబడి, చెప్పలేక తిరిగొచ్చాను. అమ్మ నాలుగు రోజుల ముందుగానే కండెలు చుట్టి పెట్టుకుంది. కొత్త చీరె తీసింది. చిత్రాన్నం కలిపి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి నూరి డబ్బాలో పెట్టింది. నేను ఆ డబ్బా వైపు చూడకుండా తిరిగాను.

రైల్లో అమ్మకు నా కిటికీ ఇచ్చాను. పెళ్ళయినాక ఆ దారిలో అమ్మ పోవడం అదే మొదటిసారి. అయినా అన్నీ చూసిన మనిషి మాదిరి కూర్చుంది. “ఎండ ఈ పక్కకే వస్తాదన్నావు, వచ్చింది చూడు,” అని నన్ను మెచ్చుకుంది. పెనుకొండలో దిగాక బజ్జీల బండి దగ్గర నిలబడి, మిరపకాయ చీల్చి గింజలు తీసే చేతి వాటం చాలాసేపు చూసింది. “మా పిల్లకాయలు చెప్పినట్లే చేస్తాండావప్పా,” అని బండాయనతో అంటే ఆయనకేమీ అర్థం కాలేదు. నేను చెప్పినవాటిలో నిజాలన్నీ ఒక్కొక్కటే నిజమని తేలుతుంటే నాకు ఇంకా భయమేసింది.

కొండ మొదట్లో నాయన ఎప్పటి చోటే కూర్చున్నాడు. మోకాళ్ళు ఒత్తుకుంటూ, “నువ్వే చూసి రా. నువ్వు చెప్తే చాలు,” అన్నాడు అమ్మతో.

అమ్మ ఎక్కింది. చీరె కుచ్చిళ్ళు ఎత్తి చెక్కుకుని, మా ఇద్దరికన్నా ముందు ఎక్కింది. కోతుల దగ్గర ఆగలేదు. మేము ఎప్పుడూ తిరిగొచ్చే చోటు దాటాక, ఇక పైకి నాకూ దారి తెలియదు. చెల్లెలు నా చెయ్యి గిల్లింది. పైన ఏదో ఒక గోడ, దాని మీద ఏదో ఒక గీత అయినా ఉండకపోతుందా అని దేవుళ్ళకు మొక్కుకుంటూ ఎక్కాను. దర్గాకు కూడా మొక్కాను.

మంటపం ఉంది! ఒక్క క్షణం నా అబద్ధమే నిజమైందనుకున్నాను. లోపల గబ్బిలాల కంపు, మేకల పెంటికలు, సుద్దముక్కతో రాసిన ఎవరెవరివో పేర్లు. బొమ్మ లేదు. అమ్మ ఒక్కో గోడనూ కొంగుతో తుడిచి తుడిచి చూసింది. దుమ్ము కింద రాయి, రాయి పక్కన రాయి. పక్కనున్న పాడు గోడల దగ్గరికి కూడా పోయి చూసొచ్చింది. తుడిచి తుడిచి కొత్త చీరె కొంగంతా నల్లగా అయింది.

“అమ్మా,” అన్నాను. “నేను ఇంత పైకి ఎప్పుడూ రాలేదమ్మా.”

అమ్మ గోడ మీది చెయ్యి తీయలేదు. “మరి ఎందుకు చెప్పినావు?”

“నువ్వు అడిగినావు కదా.”

“నేను అడిగినా కదా,” అంది అమ్మ కూడా, మెల్లగా. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. నేను ఏడుస్తుంటే చెల్లెలు కూడా ఏడ్చి, పిల్లి కూడా లేదని ఒప్పేసుకుంది. అమ్మ మాత్రం ఆ ఉత్త గోడనే చూస్తూ నిలబడింది. “ఇంత గోడ ఉండాది. ఒక్కరికీ గీయాలనిపించలేదే,” అంది.

తర్వాత బయటికొచ్చి నాలుగు పక్కలా తిరిగి చూసింది. ధర్మవరం ఎటు పక్క అని అడిగింది. కింద చెరువు నీళ్ళు ఎంత దూరం ఉన్నాయో చూసింది. రైలొకటి పోతుంటే అది కనపడకుండా పోయేదాకా నిలబడింది. అంత బాధలోనూ ఆమెకు చూడాలనే ఉంది. నాకు ఏడుపు ఇంకా ఎక్కువైంది. ఆమె మళ్ళీ ఇంటికి పోయి రాట్నం ముందు కూర్చోవాలి, ఇక ఆ మాట ఎత్తకూడదు. అంతా నా వల్లే.

“పాండి,” అంది అమ్మ. నాయన దగ్గరికి చేరగానే నేనే ముందు చెప్పేసి తన్నులు తిందామని నిర్ణయించుకున్నాను. నోరు తెరిచేలోపే నాయన అడిగాడు.

“ఉండాదా?”

అమ్మ నీళ్ళ సీసా తీసుకుని తాగింది. మూతి తుడుచుకుంది. నాయన మొహంలోకి సూటిగా చూసింది.

“ఉండాది.”

నేనూ చెల్లెలూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాయన కళ్ళు అమ్మ నల్లటి కొంగు మీదికి, ఏడ్చి వాచిన నా మొహం మీదికి పోయి, మళ్ళీ అమ్మ దగ్గరికే వచ్చాయి.

“ఎట్లుండాది?”

“ఎర్ర చీరె కట్టుకోనుండాది. కాళ్ళు గుంతలో ఉండాయి.”

“ఇంకేముండాది?”

“పక్కన మొగుడు కూసోని కండెలు చుడతాండాడు.”

నాయన తల ఎత్తి కొండ కొసదాకా చూశాడు. ఎక్కి చూసొస్తానంటాడేమోనని నేను చెల్లెలి చెయ్యి పట్టుకున్నాను. ఆయన మోకాళ్ళు రెండుసార్లు ఒత్తుకుని, “దినానికి ఎన్ని చుడతాడంట?” అని అడిగాడు.

అమ్మ చిత్రాన్నం డబ్బా మూత తీసింది.

మరుసటి పొద్దున మగ్గం చప్పుడుకు మెలకువొచ్చింది. ఎప్పుడూ వినే చప్పుడు కాదు. ఆగి ఆగి, మళ్ళీ మొదలవుతోంది. లేచి చూస్తే నాయన నేల మీద రాట్నం ముందు చతికిలబడి, చిక్కుపడిన పోగుతో తంటాలు పడుతున్నాడు.

“కండె అయిపోయింది,” అంది అమ్మ గుంతలోంచి. “ఇంకోటి ఇయ్యి.”