మామయ్య సర్దుకున్న ఎడమ చెప్పు

మా మామయ్య చెప్పుల షాపులో సేల్స్‌మన్. పొద్దున షట్టరు ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా పొట్టి స్టూలు మీద కూర్చుని ఎదుటివాళ్ళ పాదాలు చూడటమే ఆయన ఉద్యోగం. మొహం చూసి మనిషిని గుర్తుపట్టడం ఆయన వల్ల కాదు. కాలి బొటనవేలు కనిపిస్తే మాత్రం, ‘కిందటిసారి తీసుకెళ్ళింది మడమ దగ్గర కరిచిందా?’ అని అడుగుతాడు.

ఇంతమంది పాదాలు చూసే ఆ మనిషికి ఉన్నది ఒక్క పాదమే. పెళ్ళైన కొత్తలో షాపు వెనక సందులో సరుకు దింపిస్తుంటే, వెనక్కి వస్తున్న లారీ ఆయన్ని గోడకేసి నొక్కేసింది. కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. అప్పట్నుంచీ పెట్టుడు కాలు, దానికి మేజోడు, ఆ పైన నల్ల బూటు.

ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కానీ అత్తయ్య తప్ప ఎవరూ చూడలేదు. మామయ్య పొద్దున లేచి, కాలు తగిలించుకుని, బూటు లేసు ముడేసుకున్నాక గాని గది తలుపు తెరవడు. పడుకునేటప్పుడు మళ్ళీ తలుపు మూశాకే విప్పుతాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు ఆ ఇంట్లోనే పుట్టి పెరిగింది. ఆమె కూడా తండ్రిని బూటు లేకుండా చూసి ఎరగదు. ఆమె నాకంటే పెద్దది, నాకు వరసకి వదిన. నేను కాలేజీ మానేసి, అద్దె వ్యాను తోలుకుంటూ వాళ్ళ ముందుగదిలో ఉంటున్నాను కాబట్టి ఇదంతా దగ్గర్నుంచి చూసినవాణ్ణి.

మామయ్యకి ఇంకో ఉద్యోగం కూడా ఉంది, జీతం లేనిది. సామాను కాపలా. ఎక్కడికి వెళ్ళినా, నీళ్ళు కనిపించగానే ఆయన బ్యాగులన్నీ ఒకచోట కుప్ప పోసి పక్కన చతికిలబడతాడు. మీరు వెళ్ళండర్రా, సామాను దగ్గర ఒక మనిషి ఉండాలి కదా, అంటాడు. ఇంట్లో ఫొటోలు తిరగేస్తే నదిలో అత్తయ్య ఉంటుంది, ఈతకొలనులో వదిన ఉంటుంది. మామయ్య ఏ ఫొటోలోనూ ఉండడు. ఆయన ఎప్పుడూ బ్యాగుల దగ్గరే.

వదినకి ఉద్యోగం వచ్చాక మొదటి సెలవుల్లో అందరం సముద్రానికి వెళ్దామంది. మా ఊరు ఎండుగడ్డి లాంటి ఊరు, తడి తగలాలంటే కుళాయి తిప్పాల్సిందే. కొబ్బరిచెట్లూ తెల్లటి ఇసకా ఉన్న తీరం ఒకటి చూసి గదులు తీసుకుంది. ఆ రోజు నుంచి ఇల్లు ఇల్లులా లేదు. హాలు మధ్యలో పెద్ద బ్యాగు నోరు తెరుచుకుని పడుంది. వదిన దాంట్లో ఏదో ఒకటి పెడుతుంది, అత్తయ్య తీసి ఇంకోటి పెడుతుంది. అక్కడ ఉక్కపోత, ఒంటికి అంటుకోని పల్చటి నూలుబట్టలే పెట్టాలని వదిన. సముద్రం గాలికి జలుబు చేస్తుంది, స్వెట్టర్లు ఉండాలని అత్తయ్య. ఎండకి రాసుకునే క్రీము, దోమలకి రాసుకునే క్రీము ఒకేలా ఉన్నాయని అత్తయ్య రెండిటికీ వేరు వేరు రంగుల దారాలు కట్టింది. వాంతుల మాత్రలు, అంచు వెడల్పు టోపీలు, తడిబట్టలకి ప్లాస్టిక్ సంచులు, ఫోను నీళ్ళలో తడవకుండా మెళ్ళో వేసుకునే కవరు. నాకు ఒక నిక్కరు, ఒక తువ్వాలు చాలన్నాను. నీకు బుర్ర కూడా అక్కర్లేదుగా, బరువు తగ్గుతుంది, అంది వదిన.

మామయ్య ఇవన్నీ పేపరు చాటు నుంచి చూస్తున్నాడు. సముద్రానికి నేనెప్పుడో సిద్ధం, నా కాలే ఒప్పుకోవట్లేదు, అన్నాడు నవ్వుతూ. అది నిజమే. కాలు తయారుచేసిన వర్క్‌షాపు మనిషి గట్టిగా చెప్పాడు, ఉప్పునీళ్ళు తగిలితే చీలమండ దగ్గర బోల్టు తుప్పు పడుతుందని, ఇసక లోపలికి పోతే చర్మం ఒరుసుకుపోతుందని. అంటే ఆ కాలు ఉంటే సముద్రం లేదు, సముద్రం కావాలంటే ఆ కాలు ఉండకూడదు.

వదిన టోపీ మడుస్తూ తలెత్తకుండానే అంది. “దాన్ని గదిలో పెట్టేసి రా నాన్నా. ఈసారి బ్యాగుల దగ్గర ఎవరూ కూర్చోరు.”

అంత సూటిగా ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదు. మామయ్య పేపరు నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పెట్టి గదిలోకి వెళ్ళిపోయాడు. అత్తయ్య కూతుర్ని కళ్ళతోనే కాల్చేసింది. వదిన కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని, ఆమె కూడా మొండిదే. నేను వేరే వాటి కోసం సర్దట్లేదమ్మా, నాన్నతో నీళ్ళలోకి దిగాలనే సర్దుతున్నాను, అంది.

ఆ మర్నాటి నుంచి మామయ్య కూడా సర్దడం మొదలెట్టాడు. వాళ్ళ షాపు నుంచి పెద్ద గొడుగు ఒకటి తెచ్చాడు, ఎండకి షాపు ముందు వేసేది. దాన్ని గోనెపట్టాలో చుట్టి, చెప్పుల డబ్బాలు కట్టే పురికొసతో బిగించాడు. ఇది నేను చెప్పేదాకా ఎవరూ విప్పకండి, బట్ట పాతది, చిరుగుతుంది, అని మరీ మరీ చెప్పాడు. తర్వాత పెద్ద బ్యాగు పక్క జేబులో ఒక పొట్లం దూర్చాడు.

బయల్దేరే ముందురోజు, షాపుకి సెలవు పెట్టిన మామయ్య క్షవరానికి వెళ్ళినప్పుడు వదిన ఆ పొట్లం విప్పి చూసింది. నీలం రంగు రబ్బరు చెప్పు, కొత్తది. ఒకటే ఉంది, ఎడమది.

వదిన పగలబడి నవ్వింది. ఎందుకో చెప్పాలంటే వాళ్ళ షాపు పద్ధతి చెప్పాలి. ఎవరైనా ఎత్తుకుపోతారని అలమరలో ప్రతి మోడలుకీ కుడి చెప్పు ఒక్కటే పెడతారు. ఎడమది డబ్బాలో, లోపల గోడౌనులో ఉంటుంది. అమ్మేటప్పుడు అలమరలోది దించి డబ్బాలో పెట్టి ఇవ్వాలి. రద్దీలో అది మర్చిపోయి ఎడమది ఒక్కటే కట్టిచ్చేయడం, వాళ్ళు ఇంటికెళ్ళి లబోదిబోమంటూ తిరిగి రావడం ఆ షాపులో మామూలే. పాపం, ఇన్నేళ్ళు జనానికి చేసిన పని ఇవాళ తనకే చేసుకున్నాడు, అంది అత్తయ్య.

ఈ మాట మామయ్యకి చెబితే చిన్నబుచ్చుకుంటాడని వదిన నన్ను వ్యాను తీయమంది. షాపుకెళ్తే ఓనరు కూడా కడుపుబ్బా నవ్వి, అలమరలో నుంచి కుడి చెప్పు దించి ఇచ్చాడు. వదిన రెండూ కలిపి అదే కాగితంలో చుట్టి, అదే జేబులో, ఏమీ ఎరగనట్టు పెట్టేసింది. మామయ్యకి మంచి చేశామనే అనుకున్నాం ముగ్గురం. పెట్టుడు కాలికి వేళ్ళ మధ్య పట్టు ఉండదు, రబ్బరు చెప్పు నిలవదు, అసలు ఆయనకి కుడి చెప్పు ఎందుకు అని ఒక్కరికీ తట్టలేదు. రోజూ ఆయన బూటే చూసి చూసి, ఆయన రెండు కాళ్ళ మనిషేనని మాకూ అలవాటైపోయింది.

దారి పొడవునా మామయ్య హుషారుగా ఉన్నాడు. కిటికీ దించి ఉప్పుగాలి వాసన వస్తోందర్రా అన్నాడు, ఇంకా సముద్రం రాకముందే. సాయంత్రానికి చేరాం. గదిలో ఆయన పక్క జేబులో పొట్లం తీసి విప్పడం నేను చూశాను. రెండు చెప్పులూ పక్కపక్కనే ఉన్నాయి. ఆయన వాటికేసి కాసేపు చూశాడు. మళ్ళీ చుట్టేసి మంచం కిందికి తోసేశాడు. ఆ తర్వాత ఆయన నోట్లోంచి ముక్కలు ముక్కలుగా తప్ప మాట రాలేదు. ప్రయాణం బడలిక అనుకున్నాం.

పొద్దున బీచికి ఆయన బూట్లతోనే వచ్చాడు. మేజోళ్ళు, నల్ల బూట్లు, ఇస్త్రీ ప్యాంటు. ఇసకలో ఆ కాలు ఈడ్చుకుంటూ వచ్చి, బ్యాగులన్నీ కుప్ప పోయించి, పక్కన కూర్చున్నాడు.

“మీరు వెళ్ళండర్రా. సామాను దగ్గర ఒక మనిషి ఉండాలి కదా.”

వదిన మొహం మాడిపోయింది. తనూ నీళ్ళలోకి వెళ్ళనని భీష్మించి ఆయనకి దూరంగా కూర్చుంది. ఎదురుగా సముద్రం, ఇటు తండ్రి, అటు కూతురు, మధ్యలో స్వెట్టర్లు. ఎండ నెత్తిన పడుతోంది. ఇక లాభం లేదని అత్తయ్య నన్ను గొడుగు విప్పమంది. మామయ్య వద్దురా అని చెయ్యెత్తేలోపే నేను పురికొస లాగేశాను.

గొడుగుతో పాటు ఒక చంకకర్ర జారి ఇసకలో పడింది.

ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో వాడిన కర్ర, అటక మీద ఉండేది. దుమ్ము తుడిచి నూనె రాసి ఉంది. కింది కొసకి పాత రబ్బరు చెప్పుల అట్టలు గుండ్రంగా కోసి, పళ్ళెమంత వెడల్పున, షాపులో వాడే జిగురుతో అతికించి ఉన్నాయి. ఇసకలో దిగబడకుండా.

వదిన ఆ కర్రనీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. “ఒక్క చెప్పు కావాలనే పెట్టుకున్నావా నాన్నా?”

మామయ్య ఇసక గిల్లుతూ కూర్చున్నాడు. “రెండోది చూసేసరికి... ఇక్కడ అందరి ముందూ కాలు విప్పొద్దని చెప్పలేక పెట్టారేమో అనుకున్నానమ్మా. మీకూ నామోషీ కదా.”

వదిన ఏడవలేదు. ఏడిస్తే ఆయన సముద్రం సంగతి వదిలేసి ఓదార్చడానికి కూర్చుంటాడని ఆమెకి తెలుసు. గదికి పరుగెత్తి పొట్లం తెచ్చింది. కుడిది నా ఒళ్ళోకి విసిరింది. ఎడమది ఆయన ముందు పెట్టి, షాపులో ఆయన కూర్చున్నట్టే ఆయన కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుంది.

“కుడిది అలమరలోకి వెనక్కి పంపించేద్దాం. మీ ఓనరు షోకేసు బోసిపోయిందని ఏడుస్తున్నాడు. ఏదీ, సైజు సరిపోయిందో లేదో చూడనీ.”

ఆమే ఎడమ బూటు లేసు విప్పి, చెప్పు తొడిగింది. అత్తయ్య చీర కొంగు అడ్డం పెట్టబోతే మామయ్య వద్దన్నాడు. పట్టీలు ఊడదీసి, కాలు తీసి, ప్యాంటు మోకాలి దాకా మడిచాడు. అత్తయ్య ఆ కాలుని బూటుతో సహా తువ్వాల్లో చుట్టి, స్వెట్టర్ల మధ్య పడుకోబెట్టింది. స్వెట్టర్లు ఎందుకూ పనికిరావన్నారుగా, అంది.

చూసేవాళ్ళు చూశారు. కళ్ళున్నాయి కాబట్టి చూస్తారు. నేను వాళ్ళని చూశాను, కొందరు తల తిప్పుకున్నారు. మామయ్య ఒక చంకలో కర్ర, ఇంకో చెయ్యి కూతురి భుజం మీద వేసి లేచాడు. రెండడుగులు గెంతి, వెనక్కి తిరిగాడు.

“ఒరేయ్, సామాను జాగ్రత్త.”

జీవితంలో మొదటిసారి ఆ మాట ఆయన ఇంకొకడికి చెప్పాడు. నేను బ్యాగుల పక్కన చతికిలబడ్డాను. వాళ్ళు నీళ్ళ అంచుకి చేరారు. మొదటి అల మోకాలికి తగలగానే మామయ్య తూలాడు, వదిన పట్టుకుంది, ఇద్దరూ కలిసి నీళ్ళలో కూలబడ్డారు. అత్తయ్య చీర ఎగ్గట్టుకుని పరుగెత్తింది. దగ్గరికెళ్ళి చూస్తే ఇద్దరూ నవ్వుతున్నారట. ఇంతలో అల వెనక్కి పోతూ నీలం చెప్పు లాక్కెళ్ళిపోయింది. వదిన దాని వెంట పడబోతే మామయ్య చెయ్యి వదల్లేదు. పోనీ అన్నాడు.

ఇంటికొచ్చాక మనిషి మారిపోయాడని చెప్పను. గది తలుపు ఇంకా మూసే ఉంటుంది, పొద్దున బూటు కట్టుకునే బయటికి వస్తాడు. కానీ ఆ కుడి చెప్పు షాపులో మళ్ళీ అలమర ఎక్కింది. దాన్ని తీసెయ్యమని ఓనరు పోరు పెడుతున్నాడు, ఈయన వినడు. మొన్న నేను అక్కడున్నప్పుడే ఒకావిడ ముచ్చటపడి, దీనికి ఎడమది చూపించండి అంది.

మామయ్య స్టూలు మీద నుంచి తలెత్తాడు. “దాని జత టూరుకెళ్ళిందమ్మా, ఇంకా రాలేదు. వేరే రంగు చూపించమంటారా?”