అబెకే గట్టి చెయ్యి

అకాన్బీని మట్టి చేసిన మూడో రోజు పొద్దున్నే అతని అక్క అజోకే ఒక దువ్వెన, పాత తెల్లగుడ్డ పట్టుకుని మరదలి గదిలోకి వచ్చింది. తలుపు దగ్గరగా వేసి, పీట చూపించింది. మొగుడు పోయిన ఆడదాని జడలు మొగుడి తరఫు ఆడవాళ్ళే విప్పాలి. విప్పిన జుట్టు నలభై రోజులు అల్లకుండా వదిలెయ్యాలి. ఇబాదాన్‌లో ఈ మాట ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ మూడు రోజులూ అబెకే ఒక కంటితో మొగుడి కోసం ఏడుస్తూనే, రెండో కంటితో ఈ పీట కోసం భయపడుతూ ఉంది.

"నేనే విప్పుకుంటాలే వదినా."

"నువ్వే విప్పుకునేదానికి నేనెందుకు? కూర్చో. రోలాకే, గుడ్డ పట్టు. ఒక్క వెంట్రుక కింద పడకూడదు."

రోలాకే అబెకే ఒక్కగానొక్క కూతురు. ఇరవై నాలుగేళ్ళది. తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ పరిచి పట్టుకుంది. అజోకే పక్క జడలు విప్పింది. నడినెత్తి మీద ఏదో కుట్టు తగిలింది. కత్తెరతో దారం కత్తిరించింది. పక్కజడలకి కలిపి కుట్టిన సవరం చుట్టంతా మూతలా లేచి ఆమె చేతిలోకి వచ్చేసింది. కింద అరచేయంత మేర నున్నటి చర్మం. వెంట్రుక లేదు, వెంట్రుక ఉండిన గుర్తు లేదు.

రోలాకే గుడ్డ వదిలేసింది.

"ఎప్పట్నుంచే ఇది?" అంది అజోకే, గొంతు బాగా తగ్గించి.

"తొమ్మిదేళ్ళు."

"మా తమ్ముడికి తెలుసా?"

"పడుకునేప్పుడు కూడా తలగుడ్డ తియ్యని పెళ్ళాన్ని ఆయన ఏనాడూ ఎందుకని అడగలేదు. తెలిసే ఉంటుంది."

"నీ తల మీద ఎవరో చెయ్యి వేశారు పిల్లా. దువ్వెనలో వెంట్రుకలు ఎవరికంట పడనిచ్చావో ఏమో. కళ్ళలో నిప్పులు పోసుకునేవాళ్ళు బజారులో తక్కువా?"

అబెకే తల ఊపింది. అలా అనుకుంటే అనుకోనీ అనుకుంది. చెయ్యి పడిన మాట నిజమే. ఆ చెయ్యి ఎవరిదో కూడా ఆమెకి తెలుసు.

ఓజే బజారులో బట్టల వరస దాటాక, రేకుల కింద బెంచీ, అద్దం, పిల్లలు గీకిన గోడ ఉన్న కొట్టు ఆమెది. తల్లి దగ్గర నేర్చింది. తల్లిది మెత్తటి చెయ్యి. ఆవిడ అల్లిన జడలు పదిహేను రోజులకే వదులయ్యేవి, దాంతో బేరాలూ అంతంతమాత్రం. అబెకేది తల్లి పోలిక కాదు. మొదటి ముడి దగ్గరే చర్మం లేచి వచ్చేంత బిగించేది. ఆమె అల్లిన జడ రెండు నెలలు చెక్కుచెదిరేది కాదు. జడ వేయించుకుని లేచిన పిల్ల కనుబొమలు పైకి లాక్కుపోయి, కళ్ళార్పలేక, నవ్వలేక బజారంతా నడిచి పోతుంటే, అదిగో అబెకే జడ అని దూరం నుంచే చెప్పేవారు. అది మెచ్చుకోలే. మేం అందరం మెచ్చుకున్నవాళ్ళమే, ఇప్పుడు కాదంటే సిగ్గులేకపోవాలి.

ఏడ్చే పిల్లలకి ఆమె చెప్పేది ఒకటే మాట. "రెండు రోజులేనే. మూడో రోజుకి సర్దుకుంటుంది." ఆ మాట చెబుతూ వాళ్ళ నోట్లో ఒక వేరుశెనగ ఉండ పెట్టేది. పాపిడి దగ్గర చీముగుల్లలు వస్తే షియా గింజల వెన్న రాసి పంపేది. రాలిన జుట్టు మాత్రం చాలా జాగ్రత్త. ఎవరి వెంట్రుకలు వాళ్ళ ముందే ఉండ చుట్టి, వెనక పొయ్యిలో కాల్చేది. శత్రువుల చేతిలో పడతాయేమోనని ఇన్నేళ్ళు ఊరందరి వెంట్రుకలకీ కాపలా కాసిన మనిషి, తన వేళ్ళ వంక ఒక్కనాడు చూసుకోలేదు.

తన తలే తన కొట్టుకి బోర్డు. నలభై ఏళ్ళ దాకా షూకూ తప్ప వేసేది కాదు, జడలన్నీ నెత్తి మీదికి లాక్కుపోయి బుట్టలా నిలబడేది. నలభై రెండో ఏట నడినెత్తిన వేలిముద్రంత చోటు పలచబడింది. షూకూ మానేసి పక్కకి వాలు జడలు వేసుకుంది. అవి లాగిన వైపు కణత పలచబడింది. మళ్ళీ మార్చి జుట్టు పాయలకి నల్లదారం చుట్టుకుంది. జనం చూసి, రోలాకేవాళ్ళమ్మ పాతకాలం ఫ్యాషన్ తెచ్చింది అనుకున్నారు, నలుగురు చుట్టించుకున్నారు కూడా. తర్వాత సవరం కలిపిన సన్నజడలు. ఆ బరువుకి ఉన్నవీ జారాయి. నలభై తొమ్మిదికి విగ్గు, అది ఎండలో జారకుండా నుదుటి మీద జిగురు. జిగురుతో పాటు ముంగురులు పోయాయి. ప్రతి కొత్త ఫ్యాషనూ పాత దాని తప్పు కప్పడానికే వచ్చింది, ఇంకో తప్పు చేసి పోయింది. నల్లసబ్బుతో రుద్దింది, ఉల్లిరసం పట్టించింది, కొబ్బరినూనెలో ఏవేవో ఆకులు కాచింది. చివరికి విగ్గూ మానేసి, ఉన్న నాలుగు వెంట్రుకల్నీ ఇంకా గట్టిగా లాగి లేనిచోట కప్పింది. ఇంకెలా చేస్తుంది, ఆమెకి తెలిసిన విద్య అదొక్కటేగా.

నలభై రోజులు గడిచాక రోలాకే ఊరుకోలేదు, తల్లిని పెద్దాసుపత్రికి లాక్కుపోయింది. అక్కడ డాక్టరమ్మ చిన్నపిల్ల, జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుంది. అద్దం పెట్టి అబెకే నెత్తి చూసింది, వేలితో తడిమింది.

"అమ్మా, ఇక్కడ వెంట్రుక వచ్చే రంధ్రాలే పూడిపోయాయి. ఇంక రాదు. చుట్టుపక్కల ఉన్నదాన్ని ఆపే ప్రయత్నం చేద్దాం."

"నేను చేసుకున్నదేనా?"

"ఒంటి తత్వం కొంత ఉంటుంది. లాగడం కొంత."

"ఎంత కొంత?"

డాక్టరమ్మ రోలాకే వైపు తిరిగింది. "నువ్విలా దగ్గరికి రా." కణతల మీద జుట్టు వేలితో వెనక్కి తోసింది. రెండు వైపులా వేలెడు వెడల్పున పలచటి పట్టీ, అంచున చిన్న చిన్న గుల్లలు. "ఎవరు అల్లుతారు నీకు?"

రోలాకే తల్లి వైపు చూసింది. అబెకే నేల చూసింది. ఆ కణతల మీద మొదటి జడ పడ్డప్పుడు ఆ పిల్లకి మూడేళ్ళు. వేరుశెనగ ఉండ నోట్లో పెట్టుకుని ఏడుపు దిగమింగడం ఇంటిపిల్ల కనక అందరికన్నా ముందు నేర్చుకుంది.

"ఈమెకింకా పూడుకోలేదు. ఏడాది పాటు జడా వద్దు, సవరమూ వద్దు, తలకి బిగించి ఏదీ కట్టొద్దు. అప్పుడు వస్తుంది. మళ్ళీ లాగితే మీలాగే అవుతుంది," అంది డాక్టరమ్మ.

ఆ రోజు నుంచి అబెకేకి లోకంలో పని ఒక్కటే అయింది, కూతురి జుట్టు కాపాడడం. ఇంటికి రాగానే బ్లేడు తీసుకుని తన తల నున్నగా గీకేసుకుంది. నేను దాచుకున్నదే ఆ పిల్ల నెత్తికి వచ్చింది, ఇంక దాచను అంది. బోడిగుండుతోనే కొట్టులో కూర్చుంది. బజారు నోరు ఊరుకుంటుందా. "జడలు వేసేదానికి జడ లేదట" అని ఎదురువరసలో నవ్వుకున్నారు. చెయ్యి కూడా వదులు చేసింది. మూడు వారాలకే జడలు ఊడిపోతుంటే ఇరవై ఏళ్ళ బేరాలు ఒకటొకటే సందు దాటి కుదిరత్ కొట్టుకి మళ్ళాయి. కుదిరత్ ఎవరో కాదు, ఆరేళ్ళు అబెకే దగ్గరే పని నేర్చింది. చెయ్యి వదిలితే వేళ్ళ మీద దువ్వెనతో కొట్టి మరీ నేర్పింది అబెకే.

ఆ ఏడాది చివర్న రోలాకే పెళ్ళి. పెళ్ళికొడుకు మంచివాడు, అతని గురించి చెప్పడానికేమీ లేదు. పెళ్ళికి రెండు వారాల ముందు రోలాకే కొట్టులో బెంచీ మీద కూర్చుంది.

"అమ్మా, షూకూ వెయ్యి."

"వెయ్యను."

"పెళ్ళికూతురు షూకూ లేకుండా బయటికొస్తుందా? వాళ్ళ తరఫువాళ్ళు ఏమనుకుంటారు?"

"ఏమన్నా అనుకోనీ. తొమ్మిది నెలలు ఆగావు, ఇంకో మూడు నెలలు ఆగు. చూడు, కణతల దగ్గర మొలకలొస్తున్నాయి. నేను రోజూ చూస్తున్నాను."

"నువ్వు చూస్తావు. మిగతావాళ్ళు నా పలచనే చూస్తారు." రోలాకే అద్దం వైపు తిరిగింది. "నాకు మూడేళ్ళప్పుడు ఏడిస్తే ఆపావా? ఇప్పుడు నేను అడుగుతుంటే ఆపుతున్నావు. నీది పోయిందని నన్నూ బోడిదాన్ని చేసి నిలబెట్టాలా?"

క్షమించవే తల్లీ అందామనుకుంది అబెకే. ఆ మాట కూడా ఆలస్యమేనని తోచి ఊరుకుంది. కూతురు లేచి చెప్పులేసుకుని సందు దాటింది. అబెకే గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. పిల్ల కుదిరత్ కొట్టులో బెంచీ మీద కూర్చుంది. ఆ పదిహేను గజాలు నడిచి వెళ్ళి రెక్క పట్టుకుని లేవదీసే హక్కు తనకి లేదనుకుంది అబెకే. పిచ్చిది. ఆ ఒక్కసారి లేవదీసి ఉండాల్సింది.

తర్వాత ఆ రెండు వారాలూ కూతురు ఇంట్లో తలగుడ్డ తియ్యలేదు.

పెళ్ళిరోజు పొద్దున, గెలే కట్టాల్సింది తల్లే కాబట్టి, రోలాకే గుడ్డ విప్పి తల్లి ముందు కూర్చుంది. గెలే అంటే ఆ గట్టి పట్టుగుడ్డే, మడతలు మడతలుగా తలకి చుట్టి వెనక ముడి వేసేది. ముందు రోజు సాయంత్రం కుదిరత్ పాత జడలు తీసి కొత్తగా వేసింది, పాపిడులు గీత గీసినట్టున్నాయి. అబెకే తన పనిని ఎక్కడున్నా గుర్తుపట్టగలదు. ఇది అచ్చంగా తన చెయ్యే. వెనక నుంచి మూడో పాపిడి దగ్గర చిన్న వంపు, తన తల్లి నుంచి తనకి, తన నుంచి కుదిరత్‌కి వచ్చిన వంపు, అదీ ఉంది. కణతల దగ్గర చర్మం జడతో పాటు లేచి నిలబడింది. తొమ్మిది నెలల మొలకలు ఒక్కటి మిగల్లేదు. జడ మొదట్లో తెల్లగా చీముగుల్లలు, వరసగా. కొన్ని అప్పుడే చితికి తడిగా ఉన్నాయి.

అబెకే వేలితో ముట్టుకుంది. రోలాకే ఉలిక్కిపడింది, కనుబొమలు లాక్కుపోయి ఉన్నాయి కాబట్టి ముఖంలో ఏమీ మారలేదు.

"నొప్పిగా ఉందా తల్లీ?"

"రెండు రోజులేగా అమ్మా," అంది రోలాకే అద్దంలోకి చూస్తూ. "మూడో రోజుకి సర్దుకుంటుంది."

బయట డోళ్ళు మొదలయ్యాయి. అజోకే తలుపు తట్టి ఆలస్యమవుతోందని కేకేసింది. అబెకే గెలే తీసి కూతురి నుదుటి మీద పరిచి, మడతలు పెట్టి, వెనక మెత్తగా ముడి వేసింది. పుండు మీద పడకుండా వేలు పట్టేంత సందు వదిలింది.

రోలాకే తల అటూ ఇటూ తిప్పి చూసుకుంది. గెలే కదిలింది.

"వదులుగా ఉందమ్మా. డాన్సులో జారిపోతుంది, నలుగురిలో పరువు పోతుంది. బిగించు."

"వద్దే."

"బిగించమ్మా. నా చిన్నప్పుడు జడ వేసినట్టు కట్టు."

అబెకే రెండు కొసలూ చేతుల్లోకి తీసుకుంది. తీసుకుని గట్టిగా లాగింది.