గోడ కూల్చిన ఉస్తాద్

ఉస్తాద్ పోయారన్న కబురు నాకు క్యాంటీన్‌లో అన్నం తింటుండగా తెలిసింది. కొల్లూరు నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. "అక్కా, మా అబ్బా ఇగ లేడు" అంది. ఊపిరితిత్తులు చెడిపోయి కొన్నాళ్లుగా ఆయన మంచం మీదే ఉన్నారు. చెయ్యి కడుక్కుని బయటికి వచ్చేసరికి, యార్డులో డ్రైవర్లు అప్పటికే బండ్లు దిగి గుంపుగా నిలబడి ఉన్నారు.

బొల్లారంలో ఒక మందుల కంపెనీలో నేను టైమాఫీసు గుమస్తాను. బస్సులూ లారీలూ నిలిపే యార్డుకు ఉస్తాద్ ఇన్‌చార్జి. సగం జీవితం లారీ నడిపి వచ్చిన మనిషి. మా నాన్న గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. ఇంట్లో నేర్పిన మర్యాద కొద్దీ నేను "ఉస్తాద్ గారూ" అంటే ఆయన విసుక్కునేవారు. "గారు గీరు ఎందుకు బేటీ? ఉస్తాద్ అను, సాలు."

చూడగానే మంచివాడనిపించే మనిషి కాదు. నోరు తెరిస్తే తిట్టు. చేతిలో ఎప్పుడూ ఇనుపరాడ్డు. దిగి వెనక చూసుకోకుండా బండి రివర్స్ చేసిన డ్రైవరును కాలర్ పట్టి కిందికి గుంజేవారు. ఫోన్లో మాట్లాడుతూ స్టీరింగ్ తిప్పితే ఆ ఫోన్ మురుగు కాలువలో పడేది. "అద్దంల కనవడనోడు గూడ ఎవలకో కొడుకేరా!" అని అరిచేవారు. ఒకసారి ఒక ట్యాంకర్ డ్రైవరు తిరగబడి ఆయన ముక్కు పగలగొట్టాడు. రక్తం మీసాల్లోకి కారుతుంటే, "కొట్టినవ్ గద, అయిపోయింది. ఇగ దిగి ఎన్కకు సూసి రా" అన్నారు. వాడు వెళ్లి చూసి వచ్చాడు.

మా యార్డుకు అప్పుడు ఒకటే గేటు. షిఫ్టు మారేటప్పుడు మేం బస్సుల మధ్యనుంచే నడవాలి. బస్సులేమో వెనక్కి వచ్చి తిరగాలి. ఒక ఉదయం నేను గోడ పక్కనుంచి నడుస్తుండగా ఒక బస్సు వెనక్కి వచ్చింది. నా కాలి ఎముక విరిగిన చప్పుడు నేనే విన్నాను. కిందపడ్డాను. వెనక చక్రం నా మోకాలి మీదికెక్కి ఆగింది.

జనం పరుగెత్తుకొచ్చారు. నా దగ్గరికి కాదు. డ్రైవరును కిందికి ఈడ్చి రాళ్లతో, టిఫిన్ డబ్బాలతో, దొరికినదానితో కొట్టారు. అతని చెయ్యి మెట్టుకు ఆనించి బూట్లతో తొక్కారు. "బస్సు కాలవెట్టుండ్రి!" అని ఎవరో కేక వేశారు. ఆ బస్సు కింద నేనున్నాను.

ఉస్తాద్ రాడ్డు తిప్పుకుంటూ ఆ గుంపులోకి దూరారు. బెదిరించడం కాదు, నిజంగానే కొట్టారు. ఒకడి పళ్లు రాలాయి. "అగ్గిపుల్ల గీసినోని సెయ్యి ఇరగ్గొడ్త! ఆడివిల్ల కింద ఉన్నది, కండ్లు దొబ్బినయా?" డ్రైవరు మీద అడ్డంగా పడి దెబ్బలన్నీ తన వీపు మీద కాచుకున్నారు. "వీన్ని సంపితె ఆమె కాలొస్తదా? జాకీ తెండ్రి, జల్దీ!"

జాకీ వచ్చింది. చక్రం లేచింది. నెత్తి పగిలి మొహమంతా నెత్తురుతో ఆయన నా మీదికి వంగి, "కాలు సూడకు బేటీ. నన్ను సూడు" అన్నారు. చూశాను. పటాన్‌చెరు ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి కుడికాలు మోకాలి పైదాకా లేదు.

కొన్నాళ్లకు ఉస్తాద్ ఆసుపత్రికి వచ్చారు. డ్రైవరును పనిలోంచి తీసేశారట. "తప్పు వానిది గూడ ఉన్నది. గని ఆ యార్డే అట్లున్నది. వాన్ని మల్ల తీస్కొమ్మని అడుగుదమనుకుంటున్న. నువ్వు వద్దంటె అడుగ." నేను పక్కనున్న స్టీలు గ్లాసు తీసి ఆయన మొహం మీదికి విసిరాను. నుదురు చిట్లింది. ఆయన వంగి గ్లాసు తీసుకుని, కడిగి, నీళ్లు నింపి నా పక్కన పెట్టి వెళ్లిపోయారు. మళ్లీ వారం వచ్చారు. ఆ మాట మాత్రం ఎత్తలేదు. చాలా వారాల తర్వాత నేనే అన్నాను, "అడగండి ఉస్తాద్" అని.

ఈలోగా యార్డులో మరో బస్సు వెనక్కి వచ్చి ఒక తోపుడుబండిని గోడకేసి నుజ్జు చేసింది. బండివాడు దూకి బతికాడు. వెనక గోడ తీసి ఇంకో గేటు పెట్టండి, బస్సులు రివర్స్ లేకుండా ఒకవైపు వచ్చి ఒకవైపు పోతాయని ఉస్తాద్ అంతకుముందు నుంచే అడుగుతున్నారు. కంపెనీవాళ్లు చూద్దాం అంటూ వచ్చారు. తోపుడుబండి నలిగిన మర్నాడు ఆయన సమ్మెట తెచ్చి గోడను కొట్టడం మొదలుపెట్టారు. సెక్యూరిటీవాళ్లు లాఠీలతో వీపు మీద బాదారు. ఆయన సమ్మెట ఆపలేదు. చివరికి మోకాళ్ల మీద కూలబడితే, ఒక డ్రైవరు బస్సాపి దిగి ఆ సమ్మెట అందుకున్నాడు. తర్వాత ఇంకొకడు. పోలీసులు వచ్చి ఉస్తాద్‌ను జీపెక్కించేసరికి గోడలో బస్సు పట్టేంత దారి పడింది.

ఆ దారిని కంపెనీ పూడ్చలేదు. గేటు పెట్టింది. నడిచేవాళ్లకు విడిగా ఇనుప కంచె వేసింది. డ్రైవర్లు పట్టుబట్టి ఉస్తాద్‌నూ, ఉస్తాద్ పట్టుబట్టి నన్ను గుద్దిన బస్సు డ్రైవరునూ వెనక్కి తెచ్చుకున్నారు. ఆ తర్వాత మా యార్డులో ఎవరి రక్తమూ నేల మీద పడలేదు. నేను పెట్టుడు కాలితో తొలిరోజు వచ్చినప్పుడు ఉస్తాద్ నన్ను పలకరించను కూడా లేదు. కంచె పక్కన నిలబడి నేను నడవడం చూశారు. తర్వాత మొహం తిప్పుకుని ఎవరినో గట్టిగా తిట్టడం మొదలుపెట్టారు.

కబురు తెలిసిన రోజు సాయంత్రమే కొల్లూరు కాలనీలో ఉస్తాద్ జనాజా లేచింది. నేను ఆడవాళ్లతో మెట్ల దగ్గర నిలబడ్డాను. పాడె కింద భుజాలు మారుతున్నాయి. ప్రతివాడూ నాలుగడుగులు మోసి పక్కవాడికిస్తున్నాడు. ముందువైపు ఒకతను మాత్రం ఇవ్వడం లేదు. నా కాలు పోయిన రోజు ఆ బస్సు నడిపినవాడే. విరిగి వంకరగా అతుక్కున్న చెయ్యి కిందికి వేలాడుతోంది. రెండో భుజం మీద పాడె. పక్కవాళ్లు "ఇయ్యి భాయ్, ఇయ్యి" అంటున్నారు. అతను తల అడ్డంగా ఊపుతూ, చెమటా కన్నీళ్లూ తుడుచుకోకుండా, మలుపు తిరిగేదాకా అలాగే మోశాడు.