చలిజ్వరం కాదు

మా అయ్యకు జ్వరం వచ్చిన రోజు అందరం చలిజ్వరమే అనుకున్నాం. అరకు కొండల్లో ఒళ్లు వెచ్చబడితే మాకు ఇంకో పేరు తోచదు. ఆశా కార్యకర్త వేలు పొడిచి చూసి, మలేరియా లేదని చెప్పింది. అయినా అమ్మ పాత బిళ్లలు వెతుకుతూనే ఉంది.

అప్పటికే అయ్యకు క్లోమంలో పుట్టిన కాన్సర్ కాలేయానికి పాకింది. విశాఖలో ఒక ఆసుపత్రిలో రెండు కొత్త మందులు కలిపి ఇచ్చి పరీక్షిస్తున్నారు. ఒంట్లోని రోగనిరోధక శక్తిని లేపి గడ్డ మీదికి తోలే మందులట. మూడు వారాలకోసారి నేనే తీసుకెళ్లేదాన్ని. ఆ శక్తి ఒక్కోసారి సొంత పేగుల మీదే పడుతుందని, జ్వరమొచ్చినా విరేచనాలైనా వెంటనే ఫోన్ చేయాలని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది.

"ఉసిగొల్పిన కుక్క ఇంటోళ్లనీ కరుస్తాది కదేటి," అని అయ్య నవ్వాడు.

రెండు నెలలకు తీసిన స్కానింగులో గడ్డ తగ్గింది. ఆ రోజు ఘాట్ రోడ్డు పొడవునా పాడుతూనే ఉన్నాడు. గొంతు బాగుండదు, అయినా ఆపమనలేదు.

జ్వరం రెండో రోజు, మా తోటలో కాఫీ పళ్లు కోస్తున్న పిన్ని వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "మీ అయ్య పొద్దుట్నుంచీ గెడ్డకేసే తిరుగుతన్నాడే. ఏటైనాది?"

పరుగెత్తాను. అయ్య ఆ వాగు ఒడ్డున కూలబడి ఉన్నాడు. పెదాలు ఎండిపోయాయి.

"విరేచనాలు ఎన్నాళ్ల నుంచయ్యా?"

"నాలుగు రోజులు. ఆసుపత్రోళ్లకి సెప్పకే అమ్మీ. సెప్తే మందు ఆపేస్తారు. నాకు పన్జేసింది అదొక్కటే."

ఒట్టు వేయించుకున్నాడు. వేశాను. ఆయన అన్నది నిజమే, అందుకే నాకు అంత భయమేసింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. ఇక్కడ కప్పా మా అయ్యే, పామూ మా అయ్యే. ఇంటికి నడిపించుకొచ్చి, నీళ్లు తాగించి, సిగ్నల్ దొరికే కొండ ఎక్కాను. జ్వరమొచ్చిన రోజే ఫోన్ చేయనందుకూ, ఇప్పుడు ఒట్టు తప్పుతున్నందుకూ ఎక్కినంతసేపూ నన్ను నేనే తిట్టుకున్నాను.

"ఏ బండి దొరికితే అది ఎక్కించి ఇప్పుడే తీసుకురండి," అంది డాక్టరమ్మ.

జీపులో అయ్య నా వంక చూడలేదు. పేగుల్లో మంట చల్లారడానికి వారం పాటు స్టెరాయిడ్లు ఎక్కించారు. ఇంకొక్క రోజు ఆగి ఉంటే పేగు చిల్లుపడేదని, మనిషి దక్కేవాడు కాదని అన్నారు. ఆ తర్వాత ఆ మందులు ఇక ఎప్పటికీ ఇవ్వకూడదని చెప్పి పంపేశారు.

ఇంటికొచ్చాక అయ్య అందరితో మాట్లాడాడు, నాతో తప్ప. బతికించినందుకు శిక్షా అని ఒళ్లు మండిపోయేది. వేసవికి గడ్డ మళ్లీ పెరిగింది. ఆ కబురు తెలిసిన రోజు చోడంబలి గిన్నె పట్టుకుని ఆయన ముందు నిలబడి ఏడ్చేశాను.

"మళ్లీ అలాటిదొస్తే సెప్తావేటే?" అన్నాడు. నెలల తర్వాత నాతో ఆడిన మొదటి మాట.

"సెప్తానయ్యా."

"నేనూ మళ్లీ సెప్పొద్దనే అంటాను," అని గిన్నె నా చేతిలోంచి తీసుకున్నాడు.