నేలకు కడుపుబ్బరం

డెబ్బయ్యో దశకం చివర, ఆత్మకూరులో వ్యవసాయ సహాయకుడిగా చేరిన ఆ రోజుల్లో నాకున్న ఆస్తులు రెండే: కొత్త సైకిలు, కొత్త మీసం. రైతులు మాట వినాలంటే మీసం ఉండాలని నా గట్టి నమ్మకం. (చదువూ ఉంది గానీ, అది బయటికి కనపడదు కదా!)

పెన్న ఒడ్డున ఎకరం మడి ఉన్న ఒక అవ్వ నా మొదటి శిష్యురాలు. ఒంటరి మనిషి, ఆ ఎకరమే ఆమెకు ఏడాది తిండి. వరి కోశాక నెర్రెల్లో బొటనవేలు దిగేదాకా మడిని ఎండబెట్టి, పొడి దుక్కి దున్నించి, మళ్లీ ఆరనివ్వడం ఆమె అలవాటు. నాకది కాలం దండగ అనిపించింది. "ఎందుకవ్వా ఎండబెట్టడం? కోసిన వెంటనే నీళ్లు పెట్టి, కొయ్యకాళ్లూ గడ్డీ బురదలో కలిపి దున్నించెయ్. అదే కుళ్లి ఎరువవుతుంది, నాట్లూ ముందే పడతాయి" అన్నాను మీసం సవరించుకుంటూ. "నేలకి రోంత ఊపిరాడనీ నాయనా" అని గొణిగింది గానీ, చివరికి "చదువుకున్నోడివి, నువ్వు చెప్పినాక సరే" అని ఒప్పుకుంది.

నాట్లు పడిన కొద్దిరోజులకే పైరు పసుపు తిరిగింది. మడిలో అడుగు వేస్తే బుడబుడా బుడగలు, ముక్కు మూసుకునే కంపు. చుట్టుపక్కల రైతులు గట్టు మీద చేరారు. నేను తగ్గితేనా! "భయమేం లేదు, ఇది బురదలో గడ్డి కుళ్లితే పుట్టే మురుగు గాలి, అగ్గి తగిలితే మండుతుంది, వెలిగించి చూపిస్తా" అని, నీళ్లు నింపిన సీసాను మడిలో బోర్లించి, కాలితో బురద కెలికి బుడగలు పట్టి, పైకి తీసి అగ్గిపుల్ల గీశాను. (ముఖం ఎంత దూరంలో పెట్టుకోవాలో నేను చదివిన పుస్తకాల్లో లేదు.) భగ్గుమంది. మీసం సగం పోయింది.

గట్టంతా ఒకటే నవ్వులు. అవ్వ మాత్రం నవ్వలేదు. నా మూతి మీద తడి కొంగు అద్ది, "మీసం మళ్లా మొలుస్తాదిలే. నా తిండి సంగతేందిరా?" అంది. నిజంగా సిగ్గుపడ్డాను. "నేలకి కడుపుబ్బరం పట్టుండాది. తిన్నది అరక్కముందే మళ్లా కుక్కినాం" అంటూ పార తీసుకుని గట్టుకు గండి కొట్టింది. నేనూ పంచె ఎగ్గట్టి తవ్వాను. నీళ్లు పోయి మడి ఆరాక పైరు తేరుకుంది. దిగుబడి కాస్త తగ్గినా అవ్వ గాదెకు లోటు రాలేదు. మిగిలిన సగం మీసం నేనే తీసేసుకున్నాను.

మొన్నొక రైతు సభలో కుర్ర అధికారి ఒకతను తెర మీద రంగుల బొమ్మలు చూపించాడు. ఆ బుడగల్లోని మీథేన్ పైకెళ్లి భూమిని వేడెక్కిస్తుందట. పంటకీ పంటకీ మధ్య మడి ఎండబెట్టి పొడి దుక్కి దున్నితే అది తగ్గుతుందట. నేను తల ఊపడం చూసి, "మీకు ముందే తెలుసా సార్?" అన్నాడు. "మా అవ్వ అప్పుడే చెప్పింది బాబూ, నేనే వినలేదు" అంటూ నా తెల్ల మీసం తడుముకున్నాను.